రౌతును రైతుగా దిద్దినందుకు

ఫిబ్రవరి మొదటి శనివారం: ఎడిసన్‌లో మా తెలుగు సంఘం సావనీర్ సంపాదకుడు, నేను పంపిన పేజీల ఫోటోలు మసకగా వస్తున్నాయని, బైజాంటియం ఆశ్వికదళంపై నా వ్యాసాన్ని నోటుపుస్తకంతో సహా తీసుకువెళ్ళాడు. రసీదు ఇవ్వలేదు.

మే రెండవ ఆదివారం: అచ్చులో ప్రతి ‘రౌతు’ ‘రైతు’ అయింది.

జూన్ నుంచి నేటి వరకు: నోటుపుస్తకం తిరిగి రాలేదు. మూడు ఉత్తరాలకు జవాబు లేదు.

ఆ పుస్తకంలోని అక్షరాలు నావి కావు. నా చిత్తుప్రతిని నా భార్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని శుద్ధంగా తిరగరాసేది. వ్యాసంలో మొదట విల్లు పట్టిన రౌతులు. తర్వాత స్టెపీ మైదానాల వారిని చూసి నేర్చిన ఇనుప రికాబు. కాలు ఆనగానే జీనుమీద మనిషికి నిలకడ వచ్చింది. ఆపైన సైనిక భూములున్న కుటుంబాలు: గుర్రం, బల్లెం, కవచం ఇంటివాళ్ళే సమకూర్చి మనిషిని పంపాలి. స్తోమత లేనివాళ్ళు కొందరు కలిసి ఒక్కణ్ణి సిద్ధం చేసేవారు. అటుపైన గుర్రానికీ కవచం తొడిగిన బరువైన దళం.

భూముల పేజీ దగ్గర ఆమె కలం ఆగింది.

“ఇంతకీ ఈయన రైతా, రౌతా? త్వరగా తేల్చండి, పప్పు మాడుతోంది.”

“రెండూనూ. దున్నేది ఇంటివాళ్ళు, గుర్రం ఎక్కేది ఈయన.”

“అయితే ఔత్వం కాస్త పెద్దగా పెడతా. లేకపోతే మీ గుర్రాన్ని ఎవరైనా నాగలికి కట్టేస్తారు.”

నవ్వుతూ కలం నొక్కిపెట్టి రాసింది. పేజీ అంచున చిన్న రికాబు గీసింది. నిరుటి శీతాకాలం గడవకముందే లోకం విడిచి వెళ్ళిపోయింది.

సావనీర్ అచ్చయ్యాక సంపాదకుణ్ణి పక్క ఊరు ఐసెలిన్‌లో మిఠాయి దుకాణం ముందు నిలదీశాను.

“టైపో అనుకున్నాం అంకుల్, ఒకేసారి రిప్లేస్ కొట్టేశాం. అయినా గుర్రాల గురించి ఎవరు చదువుతారు? రైతు అంటే సెంటిమెంట్ వర్కౌట్ అయింది.”

“నోటుబుక్కు ఎక్కడ?”

“స్కాన్ చేశాం కదా, పీడీఎఫ్ పంపిస్తా.”

పీడీఎఫ్ వచ్చింది. అంచులు కత్తిరించి ఉన్నాయి, రికాబు లేదు. తప్పొప్పుల పట్టిక వేయకపోయినా ఓర్చుకుంటాను. కానీ ఆమె ఔత్వం నొక్కిన చోట కాగితం వెనక చిన్నగా ఉబ్బి ఉండేది. రోజూ ఒకసారి వేలితో తడిమేవాణ్ణి.

కనుక సంఘ కార్యవర్గాన్ని కోరేదేమనగా: నోటుపుస్తకం ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో ఉందో, నా చేతికి ఏ రోజున ఇస్తారో పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలి. జవాబు కాగితం మీద, సంతకంతో రావాలి. పీడీఎఫ్ స్వీకరించను.