అట్టకత్తి వీరుడు మింగిన మాట

ఇవాళ పొద్దున డిగ్రీ ఫలితాలొచ్చాయి. నేను పాసయ్యాను. ఈ మాట ఇప్పటికే హాస్టల్ వంటమ్మకు, జిరాక్సు షాపతనికి, కర్నూలు బస్టాండులో నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దావిడకు చెప్పేశాను. ఆవిడ "మంచిదమ్మా" అని తన సంచిలోంచి ఒక అరటిపండు తీసిచ్చింది. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ దాకా వచ్చినవాళ్లెవరూ లేరు. నాయన ఐదో తరగతి, అమ్మది వేలిముద్ర. ఎవరడిగినా అడగకపోయినా చెప్పకుండా ఎలా ఉంటాను? కానీ బస్సు ఓర్వకల్లు దగ్గరికొచ్చి, కిటికీలో రాతిగుట్టలు కనపడగానే, ఒళ్లో మిఠాయి డబ్బా ఉండగానే నా అరచేతులకు చెమట పట్టింది. ఆ గుట్టల్ని చూస్తే నాకు ఇప్పటికీ అంతే.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, మా ఊరి చర్చిలో కోత పండుగ నాటకానికి శాశ్వత వీరుడు. నాటకం ఎప్పుడూ ఒకటే: ఒక రాజ్యం, దాన్ని పీడించే మృగం, దాన్ని చంపేవాడు. మృగం వేషం పక్కింటాయనది. గోనెసంచికి బొగ్గుతో మచ్చలు పెట్టుకుని, కప్పుకుని, నాలుగు కాళ్ల మీద వచ్చేవాడు. చిన్నాయన అట్టకత్తికి సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం అతికించుకుని, తొడగొట్టి, "ఓరీ మృగాధమా!" అని అరిస్తే ముందు వరుసలో పిల్లలు ఏడుపు అందుకునేవాళ్లు. కత్తి దిగాక కూడా గోనెసంచి ఒక పట్టాన చచ్చేది కాదు. పక్కింటాయనకూ చప్పట్లు కావాలి కదా. ఆ చంపిన ముచ్చటను చిన్నాయన మళ్లీ పండుగ వచ్చేదాకా అరుగరుగునా చెప్పుకునేవాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. బల్లి కనపడితే మంచమెక్కుతాడని చిన్నమ్మ చెప్పేది గానీ, ఊళ్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మా జేజి, అంటే నాయనమ్మ, అసలు నమ్మేది కాదు.

నేను డిగ్రీలో చేరిన ఏడాదే మా గుట్టల్లోకి చిరుత వచ్చింది. రెండు మేకలు పోయాయి. ఫారెస్టు వాళ్లు ఊరికి అవతలి వైపు బోను పెట్టారు. నాకప్పటికి హాస్టల్లో సీటు రాలేదు. తెల్లవారుజామున మా ఊరి నుంచి గుట్టల మధ్య కాలిదారిన నడిచి రోడ్డెక్కితేనే కాలేజీ బస్సు అందేది. సాయంత్రమైతే కూలీల ట్రాక్టరు ఉండేది, బండిదారిన చుట్టూ తిరిగి వచ్చేసేదాన్ని. పొద్దున ఏదీ ఉండదు. నాయన ఒకటే మాట అన్నాడు: "సదువు యాడికి పోతాది? మనిషి ముఖ్యం. ఆ దావలో అది ఒక్కసారి కండ్లబడిందంటే, ఆ పొద్దుతోనే కాలేజీ బంద్." నాయన మొండివాడు కాదు, భయపడ్డాడు. మొండివాడినైతే బతిమాలొచ్చు. మా ఊళ్లో ఆగిన చదువు మళ్లీ మొదలైన ఇల్లు నేను చూడలేదు. నాతో పది చదివిన పిల్లలు అప్పటికే మిరపకాయల కూలికి పోతున్నారు.

నన్ను రోడ్డు దాకా ఎవరు దిగబెట్టాలన్న మాట వచ్చింది. నాయన ఆ వేళకు పొలంలో నీళ్లు కట్టాలి. జేజి చిన్నాయన వైపు చెయ్యి చూపింది. "వాడుండాడు కదా! ఏటా చంపుతానే ఉండాడు, వానికిదొక లెక్కనా?" అందరూ నవ్వారు. జేజి నవ్వలేదు. చిన్నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా అంతమంది ముందు మీసం మీద చెయ్యేసి, "రానీ పాపా, సూద్దాం" అన్నాడు.

మరునాటి నుంచి ఇద్దరం చీకటి విడుతుండగా బయల్దేరేవాళ్లం. ఆయన చేతిలో గులకరాళ్లు పోసిన నూనె డబ్బా. చప్పుడుకు మృగం దూరంగా పోతుందని ఎవరో చెప్పారట. డబ్బా గలగలలాడిస్తూ, నాటకంలో పద్యాలన్నీ గొంతెత్తి పాడేవాడు. పాట ఆగితే ఆయన పళ్లు కొట్టుకోవడం వినపడేది. దారి సగంలో ఒక వీరగల్లు ఉంది. ఒక మనిషి మృగం గొంతులో బాకు దింపుతున్నట్టు చెక్కిన పాతరాయి. మృగం ముఖం ఇంకా తెలుస్తుంది. మనిషి ముఖమే అరిగిపోయింది. ఆ వీరుడు తర్వాత ఏమయ్యాడని చిన్నప్పుడు జేజినడిగితే, "ఏమైతాడు? సచ్చినాడు. బతికొచ్చినోనికి రాయి ఎవురు నిలబెడతారే?" అంది. ఆ మాట గుర్తొచ్చి ప్రతి పొద్దునా ఆ రాయి దగ్గర తల తిప్పుకుని నడిచేదాన్ని. నా చదువు కోసం చిన్నాయన రాయి అయిపోతాడేమోనని.

క్రిస్మస్ ముందు చలిరోజులు. వీరగల్లు దాటి మలుపు తిరిగామో లేదో డబ్బా చప్పుడు ఆగిపోయింది. ఎదురుగా బండ మీద అది కూర్చుని ఉంది. గర్జించలేదు. తోక కొస మాత్రం అటూ ఇటూ కదులుతోంది. దాని ఊపిరి చలికి పొగలా లేవడం కనపడేంత దగ్గర. చిన్నాయన నా ముందుకొచ్చి వెనక్కి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా అంటే, నా గాజులు చిట్లి చేతిలోకి దిగాయి. నొప్పి తెలియలేదు. ఆయన నోట్లోంచి "ఓరీ..." అని మాత్రం వచ్చింది. మిగతాది రాలేదు. అది మమ్మల్ని చూసింది, లేచింది, పిల్లి గోడ దిగినట్టు అవతలికి దిగిపోయింది. మేమిద్దరం రోడ్డు దాకా నడిచాం. ఆయన మళ్లీ అదే దారిన ఒంటరిగా ఇంటికి పోవాలన్నది బస్సు కదిలాక గానీ నాకు తట్టలేదు. ఆ రోజు క్లాసులో ఏం చెప్పారో దేవుడికే తెలియాలి.

సాయంత్రం ట్రాక్టరు దిగి చూస్తే చిన్నాయన అరుగు మీద ఉన్నాడు. చుట్టూ జనం. హమ్మయ్య, బతికే ఉన్నాడనుకున్న మరుక్షణం అసలు భయం పట్టుకుంది. చిరుత వదిలిపెట్టింది గానీ, ఈయన నోరు వదిలిపెడుతుందా? గోనెసంచిని చంపినందుకే ఏడాదంతా చెప్పుకునే మనిషి. పక్కనే నాయన. సరిగ్గా అప్పుడే పక్కింటాయన అడిగాడు: "ఏమప్పా వీరుడా, నీ చుట్టం కనపడిందా?"

చిన్నాయన నోరు తెరిచాడు. ఆయన నన్ను చూసి, నోరు మూసి, మళ్లీ తెరిచాడు. "చిరుతా ల్యా, గిరుతా ల్యా. కుక్క గూడ కనపడల్యా."

"నీ పాట ఇనే పారిపోయింటాదిలే!" అన్నాడు పక్కింటాయన.

జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆయనా నవ్వాడు. నా చేతి గాట్ల గురించి అమ్మ అడిగితే, బస్సెక్కేటప్పుడు గాజులు పగిలాయన్నాడు.

మరునాడు దారిలో చెప్పాడు. నన్ను బస్సెక్కించి ఆటోలో ఫారెస్టు వాళ్ల దగ్గరికి పోయి, తన పేరు ఊళ్లో చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, బోను ఇటు మార్చమన్నాడట. తిరిగి బండిదారిన వచ్చాడట. "సావు భయమన్నా ఓర్చుకోవచ్చు పాపా. చెప్పకుండా ఉండేది ఉండాదే, అది శానా కష్టం. నువ్వు పాసయ్యేదాక చెప్పనులే." తర్వాత కొన్నాళ్లకు అది బోనులో పడింది. ఊరంతా చూడ్డానికి పోయింది. "ముందుకు పోప్పా, అట్టకత్తి తెచ్చినావా?" అని ఎవరో అంటే, చిన్నాయన వెనకాలే నిలబడి తలూపాడు.

రెండో ఏడు మా తెలుగు మేడం పాఠం చెప్పారు. ఏ దేశం కథలోనైనా వీరుడికి ఒక అచ్చు ఉంటుందట. ఇల్లు దాటుతాడు, భయంకరమైనదాన్ని ఎదుర్కొంటాడు, తిరిగొస్తాడు, ఊరు అతని కథ చెప్పుకుంటుంది. తిరిగొచ్చి ఎవరికీ చెప్పకపోతేనో మేడం, అనడిగాను. "చెప్పకపోతే కథెక్కడిదమ్మా?" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఇవాళ ఇల్లు చేరి మిఠాయి పంచుతుంటే చిన్నాయన లేచి గొంతు సవరించుకున్నాడు. "అన్నా, కూచో. నీకొక సంగతి చెప్పల్ల." మూడేళ్లు సాన పట్టిన కథ కదా, ఇక కత్తులు దూయడమే అనుకుని నేనూ సర్దుకుని కూర్చున్నాను. కానీ ఆయన ఏదీ పెంచలేదు. రాయి, మలుపు, బండ, దాని ఊపిరి. చివర అన్నాడు: "పాప చెయ్యి పట్టుకున్యానంటే కాపాడేకి అనుకుంటారేమో. కాదన్నా. పట్టుకోకుంటే పరిగెత్తింటి. పాప కదలకుండా నిలబడె. దాన్ని పట్టుకోని నేను నిలబడితి."

నాయన మిఠాయి చేతిలో అలాగే ఉండిపోయింది. "ఇంత మాట కడుపులో ఎట్ల దాచుకుంటివిరా!" అని తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. నేను మాత్రం చిన్నాయననే చూస్తున్నాను. ఆ పొద్దు నేను ధైర్యంగా నిలబడలేదు. ముందు ఆయన ఉన్నాడు కాబట్టి, కాళ్లు రాక నిలబడ్డాను. చిరుత మమ్మల్ని చూసింది ఒక చెంబు నీళ్లు తాగేంత సేపు ఉంటుందేమో. ఆ కాస్త సేపట్లో ఎవరిని పట్టుకుని ఎవరం నిలబడ్డామో తెలియడానికి మాకు మూడేళ్లు పట్టింది.