మా మిషను కోసం ప్రార్థన

ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు లెండి, నా ఇంజనీరింగ్ మూడో ఏడు) మార్కులు లేకుండా మనిషి బతకగలడని నాకు తెలియదు. అందుకే డిజైన్ క్లాసులో మేడమ్, "ఈసారి మార్కులుండవు. మీరు చేసింది పనిచేస్తే ‘అయింది’. లేదంటే ‘ఇంకా కాలేదు’, సరిచేసి మళ్లీ తెండి. మీరేమంటారు?" అనగానే నేను హడలిపోయాను. వెనక బెంచీలో మా జట్టువాడు మావ (క్లాసందరికీ మావే) చప్పట్లు కొట్టాడు. ఫస్టు ర్యాంకుదాన్ని నేను మాత్రం లేచి, "మరి బాగా సేసినట్టు ఎలా తెలుత్తాది మేడమ్?" అన్నాను. "జీడిపిక్కలు కోసే మిషనే కదా మీది? పప్పు విరక్కుండా వస్తే తెలుస్తుంది" అన్నారావిడ.

నా అసలు భయం వేరు. మా ఊరు జలంత్రకోటలో, మా చర్చి సంఘంలో, ఫలితాలొచ్చిన ఆదివారం పిల్లలు లేచి మార్కులు చెప్పాలి, అందరూ "స్తోత్రం" అనాలి. ఆ స్తోత్రాల మీదే పెరిగినదాన్ని. ఆ సెమిస్టరు ఫలితాల ఆదివారం మిగతా సబ్జెక్టులన్నీ గడగడా చెప్పేసి డిజైన్ దగ్గర ఆగిపోయాను. మా మిషను పిక్కతోపాటు పప్పునీ పిండి చేస్తోంది మరి. అబద్ధమాడదామంటే ఎదురుగా పాస్టరుగారు. "డిజైన్... ఇంకా కాలేదు" అన్నాను. స్తోత్రం రాలేదు. అమ్మ తల దించుకుంది. మా పెద్దమ్మ మాత్రం లేచి, "ఏటి కాలేదే పాప?" అంది.

"మిషను పెద్దమ్మా. పప్పు విరిగిపోతంది."

"ఓలమ్మ, దానికేడుత్తావేటే? పేర్దన సేద్దాం!"

సంఘమంతా మోకరించి, కళ్లు మూసుకుని మా మిషను కోసం ప్రార్థించింది (బ్లేడుకూ స్ప్రింగుకూ విడివిడిగా). ఆ తర్వాత ప్రతి ఆదివారం, జ్వరం పడ్డ మనిషి గురించి అడిగినట్టు, "మిషనుకెలాగుందే?" అని పరామర్శలు. నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు తప్పితే నేనొక్కదాన్నే తప్పను, సంఘం ప్రార్థన కూడా తప్పుతుంది! బ్లేడు మార్చాం, స్ప్రింగు వదులు చేశాం, పిక్క కూర్చునే గాడిని మావ లోతు చేశాడు. చివరికి మేడమ్ ముందు పిక్క పెట్టి పెడలు తొక్కితే పప్పు విరక్కుండా గుండుగా బయటపడింది. "అయింది" అన్నారావిడ.

ఆ ఆదివారం లేచి ఆ ఒక్క మాటే చెప్పాను. నా తొంభైలకెప్పుడూ అంత గట్టి స్తోత్రం రాలేదు. అమ్మ ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను.

ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. అప్పటి మార్కులు ఊళ్లో ఎవరికీ గుర్తులేవు, నాకూ లేవు. ఊరెళ్తే పెద్దమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని, "మిషను బాగున్నాదేటే?" అంటుంది. బాగుందనే చెబుతాను. కాలేజీలో ఏ మూలో తుప్పు పట్టి ఉంటుందని చెబితే మళ్లీ ప్రార్థనకి మోకరిస్తుంది. అసలే ఆవిడకు మోకాళ్ల నొప్పులు.