కువైట్ చేతులు, పెనుకొండ చేతులు

పట్టుగూళ్లు ఉడికే వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ఆవిరిలోంచి మరియమ్మక్క ముఖం తేలివస్తుంది. బడే నన్ను వదిలేసిందని నేను, నేనే బడిని వదిలేశానని మా పంతులు వాదించుకున్నాక, హిందూపురంలో దారం తీసే షెడ్డులో చేరాను. నా పక్క పొయ్యి ఆమెది. కువైట్‌లో ఒక ముసలామెను చూసుకుని తిరిగొచ్చింది. "యల్లా, యల్లా" అని గూళ్లను అరబ్బీలో తొందరపెట్టేది. "అక్కా, పురుగులకు అరబ్బీ రాదు, తెలుగులో చెప్పు" అనేదాన్ని.

ఒక ఆదివారం ఆమెను పెనుకొండలో మా అవ్వ దగ్గరికి తీసుకుపోయాను. అవ్వ వేళ్లు వాచి పక్కకు వాలిపోయాయి. పొద్దున పిడికిలి ముడవలేకపోయేది. ఎండెక్కాక మాత్రం చీపురు పట్టేది. అందుకే వీధిలోవాళ్లు నాటకమన్నారు. అవ్వ కూడా తన ఒళ్లే సోమరిదని నమ్మేసింది. ఆసుపత్రికి రమ్మంటే వచ్చేది కాదు. మేము సంగటి నోట్లో పెడుతుంటే కళ్లు గట్టిగా మూసుకునేది. నొప్పికంటే ఆమెకు ఒకరి చేత్తో తినడమే బాధ.

మరియమ్మక్క ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది.

"అవ్వా, ఈ చేతులు నేను కువైట్లో చూసినా."

"నా చేతులు ఆడికెప్పుడు పోయినాయే?"

"మా ముసలి మాడమ్‌వీ ఇట్లే. పొద్దున పిడికిలి ముడవదు. ఉంగరాలు కత్తిరించి తీసినారు."

"పాపం, ఎన్ని బిందెలు మోసిందో!"

"బిందెనా! ఆయమ్మ జన్మలో గ్లాసు కడగలేదు. పక్కింట్లో వంట చేసే శ్రీలంకామె పొద్దస్తమానం కడిగేది. ఇద్దరికీ ఇదే కీళ్లజబ్బు. మాడమ్‌కు డాక్టరు ఇంటికే వచ్చి సూదులేస్తాండె. వంటామెకు పూతమందే గతి. తేడా అంతే."

అవ్వ తన వేళ్లను కొత్తగా చూసుకుంది. "అయితే ఇది సోమరితనం కాదా?"

"సోమరితనానికి సూదులేస్తారా యాడన్నా?"

మరుసటి వారం ఆసుపత్రికని ఎక్కిన ధర్మవరం రైల్లో కొండలు మెల్లగా వెనక్కి తేలిపోతుంటే, అవ్వ ఆ కువైటామెను సొంత చెల్లెలిలా తలచుకుంది. "ఆయమ్మ చలికి ఎట్ల చేస్తాదో?" "ఆడ చలి మిషన్లోంచి వస్తాదిలే" అన్నాను. అవ్వ నవ్వుతూనే కునుకు తీసింది.

వాలిన వేళ్లు తిన్నగా కావని, పొద్దుటి బిగుతు మాత్రం తగ్గించవచ్చని డాక్టరు చెప్పాడు. మాత్రలు పనిచేయడానికి నెలలు పట్టింది. ఒక పొద్దున అవ్వ సంగటి తనే తుంచి పులుసులో అద్దుకుంది. సగం పళ్లెంలోనే జారింది. నేను చెయ్యి చాచాను.

"యాడికొస్తాండావు? కూర్చో" అంది, నోటినిండా పెట్టుకుని.

మరియమ్మక్క ఇప్పుడు లేదు. షెడ్డులో ఏ ముసలామె అయినా పొద్దున్నే చెయ్యి ముడవలేక నిలబడితే, ఏం పని చేశావని నేను అడగను. ఆ చేతిని నా ఒళ్లో పెట్టుకుంటాను. కువైట్‌లో ఇద్దరు, పెనుకొండలో ఒకరు, ఆమె ఎన్నడూ చూడని ముగ్గురు అక్కచెల్లెళ్ల సంగతి మొదలుపెడతాను.