తిట్టేవాడు దొరికేదాకా

మొన్న నరసరావుపేట బస్టాండులో గురజాల బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చోగానే ఆమె చీరలోంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. వెంటనే నేను పైట సర్దుకుని, చేతిలో ఫోను సంచిలో పడేసి, బుద్ధిమంతురాలి మొహం పెట్టుకున్నాను. ఆమె నా గురించి ఆరా తీయడానికే వచ్చిందని ఒక్క క్షణం గట్టిగా అనిపించింది. పాపం ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆ వాసన మాత్రం నకరికల్లు దాటేదాకా నన్ను వదల్లేదు. నకరికల్లు నా పుట్టిల్లు. అక్కడ మా ఎదురింట్లో ఉండే సైదమ్మత్తకు ఒక ముదురాకుపచ్చ చీర ఉండేది. పెళ్ళి సంబంధం విచారించడానికి బయల్దేరిన రోజున మాత్రమే దాన్ని పెట్టెలోంచి తీసేది. ఆ చీరకు ఇదే వాసన.

మా వైపు ఒక సంబంధం అనుకున్నాక ఎవరో ఒకరు అబ్బాయి ఊరు వెళ్ళి, నాలుగిళ్ళలో కూర్చుని, నిజానిజాలు తెలుసుకుని రావడం రివాజు. ఇప్పటివాళ్ళు ఫోనులో ఫొటోలు చూసి విచారణ అయిపోయిందనుకుంటున్నారు. ఫొటోలో ఎవడైనా నవ్వుతూనే ఉంటాడు. మా వీధిలో ఈ పని సైదమ్మత్తది. మాకు చుట్టమేమీ కాదు. మా నాన్న అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. భర్త చిన్నవయసులోనే పోతే మిరపచేను తనే చూసుకుంటూ కోటేశ్వరి అనే ఒక్క కూతుర్ని పెంచి మాచర్లలో ఇచ్చింది. ఆమెకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు, అందుకే ఊరందరికీ ఆమె మీద నమ్మకం. ఎవరింట్లో పిల్ల పెళ్ళికెదిగినా ముందు ఆమె గడప తొక్కాల్సిందే.

నేను ఇంటర్ చదివే రోజుల్లో టై కట్టుకున్న ఒక కుర్రాడు నీళ్ళు శుభ్రం చేసే మిషను అమ్మడానికి మా ఇంటికి వచ్చాడు. మా బోరు నీళ్ళు గ్లాసులో పోయించి, అందులో ఏవో కడ్డీలు పెట్టి స్విచ్చి వేస్తే నీళ్ళు తుప్పురంగుకు తిరిగాయి. మా అమ్మ గుండెలు బాదుకుంది. అప్పుడే వీధి దాటి వచ్చిన సైదమ్మత్త ఆ గ్లాసు వంక చూడలేదు, కుర్రాడి వంక చూసింది.

“మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు నాయనా?”

“బోరు నీళ్ళేనండీ” అన్నాడు కుర్రాడు.

“మరి నువ్వు బాగానే ఉన్నావుగా. సర్దుకో.”

అతను మొహం వేలాడేసుకుని కడ్డీలు సర్దుకుంటుంటే, “అన్నం తిన్నావా?” అని అడిగి, తన అరుగు మీద కూర్చోబెట్టి గోంగూర పచ్చడితో కడుపునిండా పెట్టి పంపింది. మోసగాడని తరిమినవాడికి మళ్ళీ అన్నమేమిటని నేను దెప్పాను. “అనుమానం మిషను మీద. ఆకలి వాడిది. రెండూ కలపమాక” అంది. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

విచారణలో ఆమెకో పద్ధతి ఉంది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. అబ్బాయి ఊళ్ళో దిగి, ఏదో పని మీద వచ్చినట్టు కూర్చుని, అబ్బాయిని తెగ పొగిడేది. “మనం తిట్టామనుకో, జనం వెనకేసుకొస్తారు. పొగిడామనుకో, ఓర్చుకోలేరు. ఎవడో ఒకడు నోరిప్పుతాడు” అనేది. మనుషుల గురించి ఇంత చెడ్డ సిద్ధాంతం ఇంత బాగా పనిచేయడం నేను ఇంకెక్కడా చూడలేదు. నోరిప్పకపోయినా ఆమెకు చాలు. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో సివిక్స్ చెబుతున్నప్పుడు వచ్చిన మొదటి సంబంధం అలాగే పోయింది. అబ్బాయిని పొగుడుతుంటే టీకొట్టు ఆయన గ్లాసు తుడవడం ఆపాడట. రెండోదాంట్లో అబ్బాయి తల్లిని పొగిడితే పక్కింటావిడకు దగ్గొచ్చి లోపలికి వెళ్ళిపోయిందట.

“అక్కా, దగ్గు ఎవరికైనా వచ్చిద్ది” అన్నాడు మా నాన్న విసుగ్గా.

“వచ్చిద్ది. పొగిడినప్పుడే ఎందుకొచ్చిందో నువ్వే చెప్పు.”

ఆ టీకొట్టు సంబంధం అబ్బాయి తర్వాత ఎవరినో చేసుకుని సుఖంగా ఉన్నాడని ఒకసారి నేను ఉక్రోషంగా చెబితే, “ఎవరు చెప్పారు?” అని నన్నే అడిగింది.

మూడో సంబంధం గురజాల దగ్గర ఒక పల్లెలో పనిచేసే పశువుల డాక్టరుది. పెళ్ళిచూపుల్లో మా అమ్మ చేసిన పకోడీలు తిని, అవి నేనే చేశానని నమ్మినట్టు నటిస్తూ అందరూ అమృతమన్నారు. అతనొక్కడే నెమ్మదిగా, “ఉప్పు ఎక్కువైంది. కొంచెం మంచినీళ్ళిస్తారా?” అన్నాడు. నాకు అతను అప్పుడే నచ్చేశాడు. వాళ్ళు వెళ్ళగానే ఎదురింటికి పరిగెత్తి, సిగ్గు విడిచి చెప్పాను, “అత్తా, ఈ సంబంధం నాకు కావాలి” అని. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. “కావాలంటే ఇంకా బాగా చూడాలి” అంది.

పాడిగేదె కొనే మిషతో ఆ ఊరు వెళ్ళింది. సాయంత్రం బస్సు దిగి, చావు కబురు తెచ్చినట్టు మొహం పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“ఊరు ఊరంతా మంచోడంటంది” అంది.

“మంచిదేగా అక్కా” అన్నాడు నాన్న.

“ఏం మంచిది? అందరికీ గేదెలున్నయ్యి. రేపు ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగితే వాడే రావాల. ఇంక వాణ్ణి ఎవడు తిడతాడు? అందరూ మెచ్చుకున్నోడు చానా ప్రమాదం రా. ఏందో ఉంది.”

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే పొగడ్త. ఈలోగా అబ్బాయి వాళ్ళు కబురు చేశారు, మీ సంగతి తేల్చకపోతే మేం వేరే సంబంధం చూసుకుంటామని. సైదమ్మ అక్క ఊ అనందే నాన్న తాంబూలాలు పుచ్చుకోడు. ఆమె ఊ అనాలంటే నేను మనసుపడిన మనిషిని ఎవరో ఒకరు తిట్టాలి. ఆయన్ని ఎవరైనా తిడితే బాగుండునని నేను కోటప్పకొండ స్వామికి మొక్కుకున్నాను. ఇలాంటి మొక్కు ఆ స్వామి అంతకుముందు విని ఉండడు.

మూడోసారి వెళ్ళి వచ్చినప్పుడు ఆమె మొహం వెలిగిపోతోంది. “దొరికాడు” అంది. బండ్లు బాగుచేసే షెడ్డు మస్తాన్ అట. ఆమె డాక్టర్ని నాలుగు మాటలు పొగడగానే స్పానరు కింద పడేసి మొదలుపెట్టాడట, “చేతిపని మంచిదే పెద్దమ్మా, మనిషే మొండోడు. కోపమొస్తే తిట్టడు, కొట్టడు. మాట్లాడటం మానేస్తాడు. ఏం తప్పు చేశామో కూడా చెప్పడు. మనం చచ్చినట్టు కూర్చోవాల” అని.

“తిడుతుంటే చేసెయ్యమంటావేంది అక్కా?” అన్నాడు నాన్న అయోమయంగా.

“వాడికి గేదె లేదురా” అంది సైదమ్మత్త. “వాడు చెప్పిందే నిజం. ఆ మాత్రం లోపం ఉంటే మనిషే. దీనికా నోరెక్కువ, వాడికా నోరు లేదు. సరిపోయిద్ది.”

ఆ మాటతో నా పెళ్ళయింది. మస్తాన్ చెప్పింది అక్షరాలా నిజమని కాపురానికి వెళ్ళిన నెలలోనే తెలిసింది. పాత చెప్పులు పారేశానని ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. చెప్పుల వల్లనని నాకు ఎనిమిదో రోజున తెలిసింది. అయినా నేను పెద్దగా బాధపడలేదు, ముందే తెలిసిన లోపం కదా అనుకున్నాను.

మరుసటి ఏడు రంజాన్‌కు మస్తాన్ వాళ్ళింటికి పిలిస్తే వెళ్ళాం. నా చేతికి సేమ్యా గిన్నె ఇస్తూ మస్తాన్ భార్య నవ్వుతూ అంది, “వదినా, మీ పెళ్ళి జరిగింది మా ఆయన తిట్లతోనే తెలుసా? డాక్టరన్న బతిమాలి మరీ తిట్టించుకున్నాడు.” మా ఆయన నవ్వేశాడు. ఆయన దగ్గర పనిచేసే కాంపౌండరు అత్తవారిది నకరికల్లట. ఎవరైనా తిట్టేదాకా సైదమ్మ వదలదని అతను చెబితే, “ఏదో ఒక అబద్ధం కల్పించి చెప్పరా” అని మా ఆయనే తన స్నేహితుడు మస్తాన్‌ను పురమాయించాడట. అందరూ నవ్వుతున్నారు. నేను సేమ్యా గిన్నె కింద పెట్టేశాను.

ఇంటికి వచ్చాక అడిగేశాను. తనని తానే తిట్టించుకోగలిగిన మనిషి ఇంకెవరితోనైనా ఏమైనా చెప్పించగలడు కదా? ఉప్పు ఎక్కువైందన్నది కూడా ఎవరో నేర్పిన మాటేనా? ఆయనకు కోపం వచ్చింది. కోపం వస్తే ఏం చేస్తాడో మీకు తెలుసు. ఆ మౌనంలో నాకు రోజుకో కొత్త అనుమానం పుట్టింది. ఆయన నవ్వినా నటనేననిపించింది. చివరికి నాలుగు చీరలు సంచిలో సర్దుకుని నకరికల్లు బస్సెక్కాను. తిరిగి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

సైదమ్మత్త మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. అంతా చెప్పాను. నిన్ను వెర్రిదాన్ని చేశారత్తా అని కూడా అన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. మాట పడని మనిషి, ఎంత నొచ్చుకుంటుందోనని భయమేసింది. ఆమె అడిగింది మాత్రం వేరే.

“ఏమే, కోపమొస్తే మాట్లాడడని చెప్పాడు గదా ఆ మస్తాను. అది అబద్ధమా?”

“నిజమే.”

“అబద్ధం ఆడమని పంపితే నిజం చెప్పొచ్చాడు వాడు. చూశావా? మనిషి పొగిడేటప్పుడు ఎన్ని అబద్ధాలైనా ఆడతాడే. స్నేహితుణ్ణి తిట్టమంటే మాత్రం, కడుపులో ఉన్నదే బయటికొచ్చిద్ది.” మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. “నన్ను మోసం చేశాడు, ఒప్పుకుంటా. నీ కోసం చేశాడు. తన గుణం ఏమన్నా నీకు దాచాడా?”

నేనూ ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని తొడిమలు తీయసాగాను.

“పొద్దున బస్సుకి పో. పోయినాక నువ్వే ముందు మాట్లాడు. వాడికి రాదని మనకి ముందే చెప్పారు గదా.”

మర్నాడు వెళ్ళాను. నేనే ముందు మాట్లాడాను. ఇన్నేళ్ళుగా నేనే మాట్లాడుతున్నాను.

పోయిన ఎండాకాలంలో సైదమ్మత్త వెళ్ళిపోయింది. పెద్దకర్మ నాడు వీధిలో షామియానా వేసి, ఫొటోకు దండ వేసి, మైకు పెట్టారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఆమె దేవత అన్నారు. జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. ఆమె వస్తోందంటే తలుపులు వేసుకున్నవాళ్ళు కూడా అమ్మలాంటిదన్నారు. ఎవరూ అబద్ధం ఆడాలని ఆడలేదు, చావింట్లో అలాగే మాట్లాడాలి కాబట్టి మాట్లాడారు. ఆ మాటలు విన్న కొత్తవాడెవడూ ఆమెను తెలుసుకోలేడు. సైదమ్మత్తే గనక వింటే, ఊరంతా ఇంతగా మెచ్చుకుంటున్న ఈ సైదమ్మ ఎవరోగాని ఈమెలో ఏందో ఉంది అనేది. కూతురు కోటేశ్వరి వదిన ఫొటో పక్కన రాయిలా కూర్చుని ఉంది. పది రోజులుగా ఆమె కంట చుక్క రాలలేదని ఆడవాళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు.

లెక్చరరమ్మ మాట్లాడుతుందని మైకు నా చేతికిచ్చారు. నేను తప్పకుండా రెండు మంచి మాటలు చెప్పాలనే లేచాను. నోరు తెరిచేసరికి వేరే మాటలు వచ్చాయి.

“మా అత్త చానా అనుమానపు మనిషి. పక్కింటి పాలల్లో నీళ్ళున్నాయని పక్కింటివాళ్ళ ముందే అనేది. నాకు వచ్చిన రెండు సంబంధాలు చెడగొట్టింది, ఒకటి ఎవరికో దగ్గొచ్చిందని. కన్నకూతురు చీర కొని తెస్తే, ఎంతకు కొన్నావో నిజం చెప్పమని మూడుసార్లు అడిగేది.”

మా నాన్న తల దించుకున్నాడు. అంతలో వెనక వరుసలోంచి ఒక ముసలావిడ, “నా కోడలి వంట తిని, ఉప్పు వేసిందని నమ్మక డబ్బా తెచ్చి చూపించమంది” అంది. ఇంకెవరో, “మా కొత్తింటికొచ్చి గోడలన్నీ తట్టి చూసి పోయింది” అన్నారు. ఎవరో నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. కోటేశ్వరి వదిన లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను. “పొద్దుటి నుంచీ ఎవరి గురించి చెబుతున్నారో నాకు తెలవలా. ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పావే” అని నా భుజం మీద పడి భోరుమంది.

ఆ రోజు నుంచి నాకొక దిగులు పట్టుకుంది. కాలేజీలో పిల్లలు నన్ను మంచి మేడమంటారు. ఇరుగుపొరుగులకు నేను నెమ్మదస్తురాలిని. రేపు నేను పోతే నా ఫొటో ముందు కూడా అందరూ వరసగా మంచిమాటలు చెప్పి భోజనాలకు లేస్తారు. వాళ్ళలో ఒక్కరైనా మైకు పట్టుకుని నన్ను ఉన్నదున్నట్టు తిడతారా? అంత దగ్గరి మనిషిని ఒక్కరినైనా నేను సంపాదించుకున్నానా అన్నదే ఇప్పుడు నా అనుమానం.