ఆటలో కనబడ్డ గడ్డికప్పు ఇల్లు

రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. వీడియో గేమ్‌లో ఇల్లు చూసి ముసలాడు బెంగపెట్టుకున్నాడంటే నవ్వుతారు కదా!

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయిన రోజులు. అక్కడి ఉధ్నా పేటలో మా గదిలో మనవరాలు ఫోన్ పట్టుకుని ఏదో మంచు ఊళ్లో తిరుగుతోంది. అక్కడ కట్టె గోడలతో, గడ్డి కప్పుతో రైలుపెట్టెంత పొడవాటి ఇల్లు కనబడింది.

"గిది నేతోల్ల ఇల్లే బిడ్డా! పడుగు సాపెతందుకే గింత పొడుగు కట్టిన్రు" అన్నాను.

"అరే తాతా, చలిదేశపోల్ల ఇల్లంట. నడుమ పొయ్యి ఉంది, మగ్గమేది?"

నా చదువంతా పొట్లాం కాగితాల మీదే సాగింది కనుక వాదించలేదు.

సిరిసిల్ల దగ్గర మా ఇల్లూ అంతే పొడవు. వానాకాలం పడుగు దారాలు లోపలే బారుగా చాపేవాళ్లం. తడిసిన గడ్డి వాసనలో నూలు గంజి వాసన కలిసేది, మీలో నేతిళ్లలో పెరిగినవాళ్లకు గుర్తుందా? ఆ ఇల్లు కూలిపోయింది. ఒక్క ఫోటో కూడా లేదు.

"జర లోపటికి పో బిడ్డా, సూస్త."

ఆటలో దాని బొమ్మ నిటారుగా గడప దాటబోయింది.

"తల వంచు!" అని అరిచాను.

"ఎందుకు తాతా?"

"సూరు తాకుతది. మా అమ్మ గట్లనే ఒర్రేది."

మనవరాలు బొమ్మను వెనక్కి తెచ్చింది. వంగే మీట నొక్కి, మళ్లీ లోపలికి నడిపించింది.