తూము మీద గాజు గుర్తు

రంగుల ఫ్యాక్టరీ తూమును మూసింది మేస్త్రమ్మ మరిది అని ఒక మాట వీధులన్నీ తిరిగొస్తోంది. ఆరడుగుల మనిషట, మెలితిప్పిన మీసమట, ఒంటిచేత్తో బండరాళ్ళు మోసుకొచ్చి ఒక్క ఊపున తూము పూడ్చేశాడట. టీ కొట్టు దగ్గర ఒకలా, నీళ్ళ పంపు దగ్గర ఇంకోలా, చిలవలు పలవలు చేరి ఆ మాట రోజురోజుకీ ఎదుగుతోంది. ఇంకా ఎదగకముందే దాన్ని తుంచెయ్యాలి. ఎందుకంటే ఆ మరిది ఆరడుగుల మనిషి కాడు. మీసం ఉన్న మాట నిజమే గానీ మెలితిప్పడానికి అందేంత లేదు. బండరాళ్ళ సంగతి అటుంచితే, వదిన కూరగాయల సంచి పట్టుకోమంటేనే నడుం పట్టేసిందంటాడు.

తూము మూసింది మేస్త్రమ్మే.

ఆమె పెళ్ళైన కొత్తలో మొగుడి వెంట పనికి వెళ్ళి ఇటుకలు అందించేది. ఆయన గోడ కడుతుంటే కింద నిలబడి, "కుడిపక్క పొట్ట వచ్చింది చూడు" అనేది. "నీ పని నువ్వు చూసుకోవే" అని ఆయన కసురుకునేవాడు. ఆమె అటు తిరగ్గానే చప్పుడు కాకుండా ఆ వరస ఊడదీసి మళ్ళీ పేర్చేవాడు. ఆయన పోయాక ఆ తాపీని మూలన పడెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఆడదానికి గోడ ఎవడిస్తాడే?" అంది అత్త.

"గోడ ఇవ్వకపోతే మెట్లిస్తారు. మెట్లివ్వకపోతే అరుగులిస్తారు. ఏదీ ఇవ్వకపోతే నీ నోటికి కడతా, కాస్త నిమ్మళంగా ఉంటుంది" అని కోడలు తాపీ తుడుచుకుని బయలుదేరింది.

మొదట అరుగులే ఇచ్చారు. తర్వాత మెట్లు, ఆ తర్వాత బడి ప్రహరీ. పని పూర్తయ్యాక తడి సిమెంటు మీద చేతి గాజు తీసి గుండ్రంగా నొక్కి రావడం ఆమెకు అలవాటైంది. కొందరు మేస్త్రులు పేరు గీస్తారు, ఆమెకు గాజు చాలు. బడి మెట్ల మీద, పంపు గట్టు మీద, టీ కొట్టు అరుగు మీద ఇప్పటికీ ఆ గుర్తు కనిపిస్తుంది. చిన్నపిల్లలు అందులో వేలు పెట్టి తిప్పుతూ కూర్చుంటారు.

ఫ్యాక్టరీ వాళ్ళు మురికి నీళ్ళు శుభ్రం చెయ్యడానికి పెద్ద తొట్టి కట్టించినప్పుడు లోపలి పూత ఆమె చేతికే వచ్చింది. అద్దంలా పూసి, అడుగున గాజు నొక్కి వచ్చింది. పెద్దవాళ్ళు వచ్చి రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. ఆ తర్వాత ఆ తొట్టిలోకి చుక్క దిగలేదు. నీళ్ళు తొట్టిలోకి ఎక్కాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరిగితే కరెంటు కాలుతుంది. పక్కగోడకి తూము కొట్టేస్తే ఏ బాధా లేదు. ఫ్యాక్టరీకి రెండువైపులా వీధులున్నాయి. ఒక వైపు మేనేజరు బంగళా, ఆఫీసర్ల ఇళ్ళు. రెండో వైపు పల్లంలో మేస్త్రమ్మ వాళ్ళ కింది వీధి. తూము ఎటు కొట్టారో వేరే చెప్పాలా? ఆమె అంత నున్నగా పూసిన తొట్టిలో విరిగిన కుర్చీలు పడేసుకున్నారని తెలిసినప్పుడు మాత్రం ఆమె రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

లోపల ఏ రంగు కలిపితే కింది వీధి కాలువలో ఆ రంగు పారేది. పిల్లలు బడికి నీలం పాదాలతో వెళ్ళి ఎర్ర పాదాలతో వచ్చేవాళ్ళు. పంపు నీళ్ళు చేదెక్కాయి. మేస్త్రమ్మ అత్త కాళ్ళకు పుళ్ళు లేచాయి. వీధివీధంతా వెళ్ళి ఆఫీసులో మొరపెట్టుకుంటే "చూద్దాం" అన్నారు. చూడడానికి ఎవరూ రాలేదు గానీ, కొన్నాళ్ళకి ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఒక అట్టపెట్టెతో వచ్చి ఇంటింటికీ ఒక సబ్బు పంచాడు. శుభ్రంగా ఉంటే పుళ్ళు రావని ప్రసంగం కూడా చేశాడు.

అత్త ఆ సబ్బును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒసే, ఇది ఏ నీళ్ళతో రుద్దుకోవాలో కూడా అడిగి రా" అంది.

పుళ్ళు మానకపోయేసరికి కోడలు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మందు రాసి, ఆ నీళ్ళు కాలికి తగలనివ్వొద్దన్నాడు. ఇంటికొచ్చేసరికి గడప ముందు ఊదారంగు నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. అత్త గడప ఇవతల ఆగిపోయింది.

"ఏం చెయ్యమంటావే? కాళ్ళు నెత్తిన పెట్టుకుని నడవనా?"

కోడలు కొంగు బిగించింది. అత్తను ఎత్తుకుని లోపల దింపింది. ఎముకల మూటలా తేలిగ్గా ఉంది. బయటికొచ్చి, కాలువ వెంట తల తిప్పుకుంటూ ఫ్యాక్టరీ గోడ దాకా చూసింది.

వారపు సెలవు రోజున ఫ్యాక్టరీ ఆగుతుంది, తూము ఎండుతుంది. ఆ రోజు ఎండెక్కాక ఆమె తట్టలో సిమెంటు, ఇటుకలు, తాపీ పెట్టుకుని తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళింది. తలమీద తట్ట ఉన్న మనిషిని ఎవరు పట్టించుకుంటారు? వాచ్‌మన్ మాత్రం పలకరించాడు.

"ఏం మేస్త్రమ్మా, సెలవు రోజున కూడానా?"

"మీ తూము దగ్గర కాస్త పనుందన్నా."

"కానీ, కానీ. నున్నగా రావాలి సుమా! గోడకి మచ్చ కనబడితే పెద్దసారు నన్ను తింటాడు."

"మచ్చుండదులే."

పాపం, ఆయనే సిమెంటు కలపడానికి బకెట్టుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. కుర్చీ నీడలోకి జరుపుకుని, పని నడుస్తున్నంతసేపూ కూతురి పెళ్ళి సంబంధాల గురించి చెప్పాడు. ఆమె రెండు వరసల మందాన ఇటుక పేర్చి, నిటారుగా ఉందో లేదో తూకపు గుండు వేసి చూసుకుని, పైన పూత పూసింది. చివర్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, గాజు తీసి నొక్కింది.

మర్నాడు ఎరుపు కలిపారు. బయటికి దారిలేని నీళ్ళు వెనక్కి తిరిగి, ఫ్యాక్టరీ వాకిలి నింపి, ఆఫీసు గదుల్లో తెల్లటి నేల మీద పరుచుకున్నాయి. మేనేజరు బూట్లు మునిగాయి. ఆ సాయంత్రం ఆయన పాదాలకు మందు రాయించుకున్నాడని మందుల కొట్టతను చెప్పాడు. ఇన్నేళ్ళలో కింది వీధికి దారి కనబడని అధికారుల జీపు ఆ ఒక్క పూటలో దారి కనుక్కుంది. విచారణ అయ్యేదాకా తూమును ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళారు.

తూము దగ్గర ఎవరున్నారని ఫ్యాక్టరీ వాళ్ళు వాచ్‌మన్‌ను నిలదీశారు. బకెట్టు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని ఆయన భయం. "ఎవరో పెద్ద మనిషి సార్, మీసాలున్నాయి" అనేశాడు. ఆ మీసం టీ కొట్టుకి చేరింది. మరిది తన మీసం మీద చెయ్యి వేసి, "ఎవరో నాకు తెలుసు, చెప్పకూడదు" అని నవ్వాడు. అంతే, ఆ రోజు అతను తాగిన టీలకు లెక్కలేదు. పుకారు పుట్టింది ఇలా.

ఫ్యాక్టరీ జీపు వచ్చి ఇంటి ముందాగినప్పుడు మాత్రం వీరుడు వదిన కొంగు వెనకాల ఉన్నాడు.

"వదినా, నేను కాదని చెప్పవూ!"

"ఆ పని నీది కాదని ఆ ఇటుకలే చెబుతాయిరా. ఇవతలికి రా, చీర చిరుగుతుంది."

జీపులో వచ్చినవాళ్ళు అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, తాపీ పట్టుకోమని చేతికిచ్చారు. అతను పట్టుకున్న తీరు చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

రెండు రోజుల తర్వాత సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి సబ్బుల్లేవు. బడికి వాళ్ళబ్బాయిని దింపడానికి వెళ్ళినప్పుడల్లా అక్కడి మెట్ల మీద ఇలాంటి గాజు గుర్తే చూస్తున్న మనిషి, అందుకని తిన్నగా మేస్త్రమ్మ దగ్గరికే వచ్చాడు.

"చూడమ్మా, రేపు విచారణ. చెత్త అడ్డం పడి తూము పూడిందని మేము చెబుతాం. అడిగితే నువ్వూ అదే అను. గోడ మేమే కొట్టించేసుకుంటాం, కేసూ గీసూ ఉండదు. కాదూ కూడదంటే ఆస్తి పాడుచెయ్యడం నేరం. జైలుకి పంపిస్తారు."

"నేరమనే మాట మీకు తెలుసన్నమాట" అంది మేస్త్రమ్మ. "ఇన్నేళ్ళూ తెలియదేమో అనుకున్నా."

"మంచికి చెబుతున్నా. ముసలావిడ ఉంది ఇంట్లో."

అతను వెళ్ళాక ఇరుగుపొరుగు చేరారు. ఉలి తెచ్చిచ్చిన వాళ్ళున్నారు. "వెళ్ళి ఆ గాజు గుర్తు గీకెయ్యి, చీకటి పడకముందే. నీ జోలికి ఎవరూ రారు" అన్నారు. ఆమెకు భయం వెయ్యలేదంటే అబద్ధం. తను లోపలుంటే అత్త కాళ్ళకు కట్టు ఎవరు కడతారు? మరిది తన నడుమే కట్టుకోలేడు. చెత్త అనేస్తే సరిపోతుంది, ఒక్క మాట. కానీ చెత్త అంటే గోడ పడుతుంది. గోడ పడితే ఆ నీళ్ళు మళ్ళీ గడప ముందుకొస్తాయి, ఆ నీళ్ళ గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

ఉలి చేతిలో పెట్టుకుని అత్త పక్కన కూలబడింది.

"ఏమంటావు?"

"నన్నడుగుతావేం? నా నోటికి గోడ కట్టేశావుగా" అంది అత్త. కాళ్ళ కట్టు చూసుకుంటూ, "నాలుగు రోజులైంది, రసి కారడం తగ్గిందే" అంది.

కోడలు లేచి ఉలి ఎవరిది వాళ్ళకిచ్చేసింది.

విచారణ రోజున వీధంతా గోడ దగ్గరే ఉంది. అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని జీపు దిగాడు. పక్కన మేనేజరు, కొత్త బూట్లతో.

"చెత్త అడ్డం పడింది సార్. ఈ వీధివాళ్ళకి శుభ్రత తక్కువ" అన్నాడు మేనేజరు.

అధికారి గోడను చేత్తో తడిమాడు. "చెత్త ఇంత నున్నగా పడుతుందా?"

వీధి గొల్లుమంది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే ఎవరో మగాళ్ళు, బయటివాళ్ళు కట్టి ఉంటారు సార్. పనిమంతుడైన మేస్త్రి. వీళ్ళ వల్ల అయ్యే పని కాదు, చూస్తున్నారుగా, ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ."

మేస్త్రమ్మకు ఒళ్ళు భగ్గుమంది. పనితనం మెచ్చుకున్నందుకు సంతోషించాలో, మీసం తగిలించినందుకు తిట్టాలో తెలియలేదు. వాచ్‌మన్ తల దించుకుని బకెట్టు వైపు చూడకుండా నిలబడ్డాడు.

అధికారి వంగి, గుండ్రటి గుర్తు మీద వేలు తిప్పాడు, చిన్నపిల్లలు తిప్పినట్టే. తల ఎత్తి అక్కడున్నవాళ్ళ చేతుల వంక చూస్తూ చూస్తూ ఆమె మణికట్టు దగ్గర ఆగాడు. అంచున ఎండిన సిమెంటు ఇంకా అంటుకుని ఉన్న గాజు.

"చెత్త అను వదినా, చెత్త అను" అని వెనకాల మరిది గొణుగుతున్నాడు.

"ఏమ్మా, నిన్నే" అన్నాడు అధికారి. "ఈ గోడ కట్టింది నువ్వేనా?"

"నేనే అయ్యా. ఒక్కదాన్నే కట్టాను, పట్టపగలు కట్టాను. రాసుకోండి. మీరడిగారు, నేను చెప్పాను. ఇప్పుడు ఆయన్నీ ఇలాగే, ఇందరి ముందు, సూటిగా అడగండి, ఆ నీళ్ళు మా మీదికి వదిలింది నువ్వేనా అని. నేనెక్కడికీ పోను. ఆయన చెప్పేదాకా ఇక్కడే నిలబడతాను."