మొదటి పిడికిలి

పిడికెడు జొన్నల బరువెంత? ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది అంతే. దించలేకపోయాను.

మా దేవరకొండ దిక్కు దొర ఉండే గడి ఇప్పుడు కూలిపోయింది. దొర పోయాడు, నిజాం రాజ్యమే పోయింది. అయినా ఇది రాస్తుంటే వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు కాగితం కొంగు కింద దాస్తున్నాను. ఎవరొస్తారని? మనవరాలి పలక మీద నేర్చుకున్న వంకర అక్షరాలు నావి. ఇది చదివే నీకొక్కరికే చెబుతున్నాను.

మా ఇంట్లో విసుర్రాయి ముందు కూర్చుని ఊరి పెద్దలను తలుచుకోవడం ఆచారం. రాతిలో పిడికెడు జొన్నలు పోస్తే ఒక తరం పేరు, ఒక కథ. మొత్తం ఏడు పిడికిళ్లు. మా అత్త ఒక్కసారి చెబితే పట్టేశాను. ఊళ్లో ఎవరికి పాత సంగతి కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. ఎంత మురిసిపోయేదాన్నో!

మొదటి పిడికిలి మా ఇంటిది కాదు, మాదిగవాడ సాయమ్మది. ఏడు తరాల కింద, నిజాం రాజ్యం కొత్తగా నిలబడుతున్న రోజుల్లో, దండ్లు ఊరి మీద పడి గాదెలు ఊడ్చుకుపోయాయట. వెనకే కరువు. సాయమ్మ, ఆమె మొగుడు బావి తవ్వడానికి దిగారు. సగం లోతులో ఒడ్డు విరిగి మొగుడు మట్టిలో పోయాడు. ఏడ్వమని ఆడవాళ్లంటే, "నీళ్లు పడ్డంక ఏడుస్త" అని గంప పట్టుకుని మళ్లీ దిగిందట. నీళ్లు పడ్డాయి. ఊరు ఆమెకు బావి కింద రెండు మడులిచ్చింది. కాగితం లేదు. మాటే.

ఆ మడులు తరతరాలు దిగి పెంటమ్మకు వచ్చాయి. ఆమె, నేను కలిసి కలుపు తీసేవాళ్లం. దొర కన్ను ఆ మడుల మీద పడింది, తనవే అన్నాడు. పెంటమ్మ మొండిది. దేవరకొండ దాకా నడిచిపోయి అర్జీ పెట్టింది. విచారణకు అధికారి వస్తున్నాడన్నారు. ఆమెకున్న సాక్ష్యం నా నోరొక్కటే.

ముందు రోజు దొర మనిషి వాకిట్లో నిలబడి మా ఇంటాయనతో నవ్వుతూ అన్నాడు. "నీ పెండ్లానికి యాది మస్తున్నదట గద. జర తక్కువ చేసుకొమ్మను." అంతే. మేము దున్నేది దొర భూమే. అంతకు ముందు సంవత్సరం దొరకు ఎదురు మాట్లాడినవాడి వీపుకు పసుపు అద్దింది నేనే. ఆ వీపు ఎట్లా ఉందో నాకు తెలుసు.

గడి ముందు అధికారి కుర్చీలో కూర్చున్నాడు, పక్కన దొర. గింజ పట్టనిదే నాకు పేర్లు రావని, చేటలో ఏడు పిడికిళ్లు కొలిచి పెట్టారు. రెండో తరం నుంచి మొదలుపెట్టాను. ఆరు పేర్లు తప్పు లేకుండా చెప్పాను. బావి ఎవరు తవ్వారని అడిగితే తల అడ్డంగా ఊపాను. చేటలో పిడికెడు మిగిలింది. దాన్ని నేను చూశాను, పెంటమ్మ చూసింది.

బయట ఆమె నాకు ఎదురొచ్చింది. అరవలేదు.

"మర్చిపోయినవా వదినె?"

"మర్చిపోయిన."

"నువ్వా? నా పిల్లలు ఏ వారం పుట్టిన్రో నిన్నడిగి తెలుసుకుంటి గదనే."

"మర్చిపోయిన అంటున్న గద పెంటమ్మా!"

"మంచిదే. ఇగ నన్ను గుడ మర్చిపో."

దొర మడులు కలుపుకున్నాడు. పెంటమ్మ పిల్లలతో కోస్గి దిక్కు కూలికి పోయిందన్నారు. మళ్లీ కనబడలేదు.

నేను భయపడింది మా ఇంటాయన వీపు కోసమా, నా కోసమా? ఆ రోజు భయమే అనుకుందాం, కానీ దొర పోయాక కూడా కోడళ్లకు ఆరు పిడికిళ్లే ఎందుకు నేర్పాను? మొదటిది చెబితే, ఆనాడు ఎందుకు మింగావని అడుగుతారని. మా ఇంటి పిల్లలకు ఊరు రెండో తరం నుంచే పుట్టింది. సాయమ్మ మొగుణ్ని మట్టి మింగింది. సాయమ్మను నేను మింగాను.

ఇది చదివి నన్ను ఓదార్చకు. ఆ హక్కున్న మనిషి ఎక్కడుందో నాకు తెలియదు.

ఈ పొద్దున తలుపు దగ్గరికేసి, విసుర్రాయి ముందు కూర్చుని పిడికెడు పోశాను. "సాయమ్మ" అన్నాను. నాకే వినబడలేదు. ఇంకోసారి, కొంచెం గట్టిగా అన్నాను. రాయి తిరిగింది.

మర్చిపోలేదు పెంటమ్మా. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.